సాల్వర్ చెప్పిన దాణాను ఆవులు ముట్టలేదు: తప్పు లెక్కదా, నాదా?

అనంత_దాణా
అనంతపురం దగ్గర నాకొక చిన్న దాణా మిల్లు ఉంది. రోజుకు 3 టన్నుల పాడి దాణా కలిపి చుట్టుపక్కల పల్లెలకు వేస్తాము. మా నాయన కాలం నుంచి 100 కిలోల దాణాకు వేరుశనగ చెక్క 25, మొక్కజొన్న 30, నూనె తీసిన తవుడు 30, పత్తి చెక్క 12, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో చొప్పున కలుపుతున్నాము. ఈ నెల నాకు పడిన ధరలు కిలోకు వేరుశనగ చెక్క 40, మొక్కజొన్న 24, తవుడు 17, పత్తి చెక్క 28 రూపాయలు. ఆ లెక్కన 100 కిలోలకు 2,566 రూపాయలు అవుతోంది. ఖనిజ మిశ్రమం, ఉప్పు ఎప్పుడూ మారవు కాబట్టి వాటి ఖర్చును ఇందులో కలపలేదు.

డిగ్రీలో చదివిన లీనియర్ ప్రోగ్రామింగ్ (నిబంధనలు దాటకుండా ఖర్చు అన్నిటికంటే తగ్గే పాళ్లను వెతికే లెక్క) గుర్తుకు వచ్చి, ఆ లెక్క చేసిపెట్టే ఎక్సెల్ సాల్వర్‌లో ఖర్చు వీలైనంత తగ్గించమని అడిగి, మాంసకృత్తులు 20 శాతానికి తగ్గరాదని, నాలుగు సరుకులూ కలిపి 97 కిలోలు ఉండాలని రెండు నిబంధనలు పెట్టాను. రెప్పపాటులో జవాబు వచ్చింది: వేరుశనగ చెక్క 20.2 కిలోలు, తవుడు 76.8 కిలోలు, మొక్కజొన్న సున్నా, పత్తి చెక్క సున్నా, ఖర్చు 2,113 రూపాయలు. కిలోకు నాలుగున్నర రూపాయలు మిగులుతాయని సంబరపడి ఒక రోజు సరుకంతా అలాగే కలిపించాను.

నాలుగో రోజుకు బస్తాలు వెనక్కి రావడం మొదలైంది. నమ్మలేక ఒక రైతు ఇంటికి స్వయంగా వెళ్లి చూశాను. ఆవు గాడిలో మూతి పెట్టింది, ముట్టెకంతా తవుడు పొడి అంటుకోగానే రెండుసార్లు తుమ్మింది, ఆ తరువాత పక్కనున్న ఎండు చొప్ప వైపు తిరిగి నిలబడింది. తిన్న ఆవులు కూడా పాలు తగ్గించాయని రైతులు అంటున్నారు. ఈ పద్ధతి పరీక్షల్లో మార్కులకే తప్ప వ్యాపారానికి పనికిరాదా? లేక నేను ఎక్కడైనా తప్పు చేశానా?

గుత్తి_రోడ్డు
సాల్వర్‌ను అడిగారు, రైతును అడిగారు, తినవలసిన ఆవును మాత్రం చివర అడిగారు.

ప్రొద్దుటూరు_పాతకాపు
మీ నాయన ముప్పై ఏళ్ల పాటు చేత్తో పట్టి, ముక్కుతో చూసి కుదుర్చుకున్న పాళ్లను కంప్యూటరు అర నిమిషంలో తిరగరాస్తే జరిగేది ఇదే. మా నూనె మిల్లులో కూడా చదువుకున్న కుర్రవాడొకడు ఇలాంటి లెక్క తెచ్చాడు. నేను దానిని మడిచి కల్లాపెట్టె కింద పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది. వ్యాపారం అనుభవంతో నడుస్తుంది, సమీకరణాలతో నడవదు.

పశువైద్యం_కడప
అనంత_దాణా గారూ, మీ లెక్కలో మాంసకృత్తులు ఉన్నాయి కాని శక్తి లేదు. పాడి పశువుకు మాంసకృత్తులు ఎంత ముఖ్యమో జీర్ణమయ్యే శక్తి కూడా అంత ముఖ్యం. దానిని మేము మొత్తం జీర్ణమయ్యే పోషకాలుగా కొలుస్తాము. పట్టికల్లో కనిపించే సుమారు విలువలు చెబుతాను: వేరుశనగ చెక్కలో 75 శాతం, మొక్కజొన్నలో 84, పత్తి చెక్కలో 70, నూనె తీసిన తవుడులో 58. నూనె పోయింది కనుక తవుడులో శక్తి తక్కువ, అందుకే అది చవక. మీరు ఖర్చు తగ్గించమన్నారు, శక్తి అవసరమని ఎక్కడా చెప్పలేదు, కనుక సాల్వర్ శక్తినంతా అమ్ముకుని మీకు నాలుగున్నర రూపాయలు చేతిలో పెట్టింది. 100 కిలోలకు 67 కిలోలకు తగ్గకుండా శక్తి ఉండాలని మూడో నిబంధన పెట్టి మళ్లీ చూడండి.

లెక్కల_మేష్టారు_కర్నూలు
వైద్యులు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. సాల్వర్ ఇచ్చిన మిశ్రమంలో శక్తి 59.7 కిలోలు మాత్రమే ఉంది, అంటే కావలసినదానికంటే 7 కిలోలకు పైగా తక్కువ. పాతకాపు గారు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. అనంత_దాణా గారి నాయన గారి పాత పాళ్లను ఇవే పట్టికల విలువలతో లెక్కిస్తే మాంసకృత్తులు 20.34, శక్తి 69.75 వస్తాయి. ఆయన ఏనాడూ శక్తి అనే మాటను కాగితం మీద రాసి ఉండరు, అయినా ఆయన చేయి ఆ నిబంధనను ఎప్పుడూ దాటలేదు. సాల్వర్‌కు ఆ చేయి లేదు, మనం రాసి ఇచ్చినదే దానికి తెలుసు. అందువల్ల తప్పు పద్ధతిది కాదు, రాయకుండా వదిలిన వాక్యానిది.

ఈ పొరపాటు చేసినవారిలో మీరు మొదటివారు కారు, పైగా మీకు గొప్ప తోడు ఉంది. ఇలాంటి లెక్కలను తేల్చే సింప్లెక్స్ పద్ధతిని 1947లో కనిపెట్టిన అమెరికా గణితవేత్త జార్జ్ డాంట్జిగ్‌కు వైద్యుడు బరువు తగ్గమని చెప్పినప్పుడు, ఆయన తన ఆహారాన్ని ఇదే పద్ధతితో కంప్యూటరుకు అప్పగించారు. కడుపు నిండిన భావన ఎక్కువగా ఉండాలని, అందుకోసం నీటి బరువు తీసేసిన తిండి బరువు వీలైనంత పెరగాలని అడిగారు. మొదటి జవాబులో 500 గ్యాలన్ల వెనిగర్ తాగమని వచ్చింది, ఎందుకంటే పట్టికలో వెనిగర్‌కు నీటి శాతం సున్నా అని ఉంది. దానిని తీసేస్తే రోజుకు 200 సూప్ బిళ్లలు తినమని వచ్చింది, ఎందుకంటే ఉప్పుకు పై హద్దు ఉండాలని ఎవరికీ తోచలేదు. తవుడు 76.8 కిలోలు ఆ వరుసలోనిదే.

గుత్తి_రోడ్డు
రెండు వందల సూప్ బిళ్లలతో పోలిస్తే మా అనంతపురం ఆవులు అదృష్టవంతులు.

అనంత_దాణా
శక్తి నిబంధన చేర్చాను. ఇప్పుడు వేరుశనగ చెక్క 25.6, మొక్కజొన్న 24.5, తవుడు 46.8 కిలోలు వచ్చాయి, ఖర్చు 2,411 రూపాయలు. పాత పాళ్ల కంటే కిలోకు రూపాయిన్నర తక్కువ. అయితే పత్తి చెక్క మళ్లీ సున్నాయే వచ్చింది. పత్తి చెక్క వేస్తే వెన్న శాతం బాగుంటుందని మా రైతులు నమ్ముతారు, అది లేని దాణాను వారు కొంటారా? దానిని అసలు ఎందుకు వదిలేసిందో సాల్వర్ చెప్పదా?

కోడ్_కదిరి
చెబుతుంది, అడగాలి. సాల్వర్ పూర్తయ్యాక వచ్చే పెట్టెలో సెన్సిటివిటీ రిపోర్టు అని ఉంటుంది, ధరలు, హద్దులు మారితే జవాబు ఎలా మారుతుందో అది చూపుతుంది, దానిని ఎంచుకోండి. అయితే ముందుగా పద్ధతి ఎంపికలో సింప్లెక్స్ ఎల్‌పీ ఉందో లేదో చూసుకోండి. మామూలుగా అక్కడ వేరే పద్ధతి ఎంచి ఉంటుంది, దానితో చేస్తే రిపోర్టులో షాడో ప్రైస్ (ఒక హద్దును ఒక్క యూనిట్ మారిస్తే ఖర్చు లేదా లాభం ఎంత మారుతుందో చెప్పే అంకె) అనే మాటకు బదులు లగ్రాంజ్ మల్టిప్లయర్ అని కనిపించి మనుషులను భయపెడుతుంది. చరరాశులు రుణసంఖ్యలు కారాదన్న గడిలో టిక్కు కూడా ఉండాలి, లేకపోతే అది మీ చేత తవుడును ఆవు నుంచి వెనక్కి తీసుకోమంటుంది.

లెక్కల_మేష్టారు_కర్నూలు
ఆ రిపోర్టులో పత్తి చెక్కకు ఎదురుగా సుమారు 1.95 అని కనిపించాలి. దాని అర్థం, ఇప్పుడున్న నిబంధనల కింద పత్తి చెక్క అందించే మాంసకృత్తులకు, శక్తికి కలిపి మీకు అందే విలువ కిలోకు 26.05 రూపాయలు, మీరు పెడుతున్నది 28. ధర 26.05 కంటే దిగితే అది తనంతట తానే మిశ్రమంలోకి వస్తుంది. కొనుగోలుకు వెళ్లే ముందు జేబులో పెట్టుకోవలసిన అంకె ఇదే. మిశ్రమంలో ఎంత వేయాలన్నది ఒక జవాబైతే, ఏ ధరకు మించితే బేరం వదిలి రావాలన్నది రెండో జవాబు. చాలామంది మొదటిదానిని చూసి రెండోదానిని తెరవకుండానే కంప్యూటరు మూసేస్తారు.

ఆదోని_చెక్కల_అంగడి
నేను ఆదోనిలో పత్తి చెక్క, వేరుశనగ చెక్క అమ్ముతాను. ఇలాంటి అంకెలను బహిరంగంగా రాయడం వ్యాపార మర్యాద కాదని మనవి చేస్తున్నాను.

గుత్తి_రోడ్డు
అంగడి గారు ఇప్పటికే 26 రూపాయల 5 పైసలను గోడ మీద రాసుకుని ఉంటారు.

పశువైద్యం_కడప
2,411 రూపాయల మిశ్రమాన్ని కూడా కలపవద్దు. రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, తవుడు 40 కిలోలు దాటితే పొడి దాణా రుచి దెబ్బతింటుంది, ఆవు తుమ్మడం మీరే కళ్లారా చూశారు. రెండోది వేరుశనగ చెక్క గురించి. మన దగ్గర కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేసినా, కోత కోసి కుప్ప వేసిన తరువాత వాన పడినా, కాయలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. అది గానుగలో పోదు, నూనె పోగా చెక్కలోనే ఎక్కువగా మిగులుతుంది, పశువు తింటే పాలలోకి వస్తుంది. దాణాకు సంబంధించిన భారతీయ ప్రమాణం అఫ్లాటాక్సిన్ బి1 కు కిలోకు 20 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది, పాలలో ఎం1 కు 0.5 మైక్రోగ్రాముల హద్దు ఉంది. కనుక చెక్క ప్రతి లాటునూ పరీక్ష చేయించండి, దానితో పాటు 100 కిలోలకు 20 కిలోలకు మించి వేయకండి. ఈ 20 నా జాగ్రత్త కోసం చెప్పిన హద్దు, చట్టంలోనిది కాదు. హద్దు ఉంది కదా అని పరీక్ష మానవద్దు.

ప్రొద్దుటూరు_పాతకాపు
వైద్యులు ఇప్పుడు చెప్పినది మేము గానుగ దగ్గర చెక్కను రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి చెప్పేవాళ్లము.

పశువైద్యం_కడప
పాతకాపు గారూ, బూజు వాసన వస్తే చెక్క చెడిందని మీ ముక్కు సరిగ్గానే చెబుతుంది. వాసన రాని చెక్కలో కూడా విషం హద్దు దాటి ఉండవచ్చు. ముక్కు పారవేయమంటుంది కాని, వాడుకొమ్మని హామీ ఇవ్వలేదు.

అనంత_దాణా
రెండు హద్దులూ చేర్చాను. ఈసారి వచ్చినది: వేరుశనగ చెక్క సరిగ్గా 20, మొక్కజొన్న 19.99, తవుడు 39.16, పత్తి చెక్క 17.85, ఖర్చు 2,445 రూపాయలు. సున్నాగా ఉన్న పత్తి చెక్క ఒక్కసారిగా దాదాపు 18 కిలోలకు వచ్చింది! రిపోర్టులో వేరుశనగ చెక్క హద్దుకు ఎదురుగా -6.17 అని, తవుడు హద్దుకు ఎదురుగా సున్నా అని, మాంసకృత్తుల నిబంధనకు ఎదురుగా 79.53 అని ఉన్నాయి. వీటిని ఎలా చదువుకోవాలి?

లెక్కల_మేష్టారు_కర్నూలు
తవుడు 39.16 దగ్గరే ఆగింది, హద్దు 40 దాకా వెళ్లనే లేదు, కనుక ఆ హద్దును మీరు 45 చేసినా మిగిలేది ఏమీ లేదు. అందుకే దాని షాడో ప్రైస్ సున్నా. వేరుశనగ చెక్క హద్దు మాత్రం మీ చేతులు కట్టేసి ఉంది. దానిని ఒక కిలో పెంచితే 100 కిలోల మిశ్రమం మీద 6.17 రూపాయలు తగ్గుతాయి. వైద్యుల జాగ్రత్తకు మీరు చెల్లిస్తున్న వెల 2,411కు, 2,445కు మధ్య తేడా, అంటే దాణా కిలోకు సుమారు 35 పైసలు. అది ఎక్కువా తక్కువా అన్నది సాల్వర్ తేల్చదు. పాలు తాగే పిల్లలు ఉన్న ఇంటికి అది ఎక్కువ కాదని నా అభిప్రాయం.

79.53 మరింత పనికివచ్చేది. మాంసకృత్తుల నిబంధనను ఒక కిలో పెంచితే 100 కిలోల మిశ్రమం మీద ఖర్చు అంత పెరుగుతుంది. మీ చెక్కలో 42 శాతం మాంసకృత్తులు ఉన్నాయని పట్టికను నమ్మి లెక్క వేశారు. ఏదైనా లాటు 38 శాతమే వస్తే 20 కిలోల చెక్కలో 0.8 కిలో తగ్గుతుంది, మీ దాణా 19.2 దగ్గరకు పడిపోతుంది. అందువల్ల నిబంధనను 20 దగ్గర కాక 20.5 దగ్గర పెట్టుకోవాలని అనుకుంటే, సాల్వర్‌ను మళ్లీ నడపకుండానే ఖర్చు చెప్పవచ్చు: 79.53లో సగం, అంటే 100 కిలోలకు 40 రూపాయలు, కిలోకు 40 పైసలు. దానికంటే ప్రతి లాటునూ పరీక్ష చేయించి అసలు శాతాన్ని గడిలో వేయడం చవకా కాదా అన్నది మీరు లెక్క వేసుకోవాలి.

కోడ్_కదిరి
మేష్టారు గారి చివరి మాట దగ్గర నేను కొంత విభేదిస్తాను. షాడో ప్రైస్ ఎంత దూరం వరకు చెల్లుతుందో అదే రిపోర్టులో పక్కనే ఉండే రెండు నిలువు వరుసలు చెబుతాయి. 20.5 వరకు ఇక్కడ చెల్లుతుంది, నేను నడిపి చూశాను. కాని ఆ వరుసలు చూడకుండా అదే అంకెతో 25 దాకా గుణించేవారు నష్టపోతారు.

లెక్కల_మేష్టారు_కర్నూలు
అంగీకరిస్తున్నాను, ఆ మాట నేనే చెప్పవలసింది.

రాయదుర్గం_కుట్టు
ఆ రెండు వరుసల విలువ నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకసారి వాటిని చూడకుండా నష్టపోబోయాను. రాయదుర్గంలో నాకు జీన్స్ కుట్టే యూనిట్ ఉంది, 20 మిషన్లు. రోజుకు 8 గంటల చొప్పున 9,600 నిమిషాల కుట్టు సమయం, వాషింగ్‌కు రోజుకు 500 పీసుల హద్దు. ప్యాంటుకు 24 నిమిషాలు పడితే 45 రూపాయలు మిగులుతాయి, షార్టుకు 15 నిమిషాలు పడితే 30 మిగులుతాయి. ప్యాంటులో లాభం ఎక్కువ కనుక అన్నీ ప్యాంట్లే కుట్టాలని మా మేనేజరు వాదన, నిమిషానికి లెక్క చూస్తే షార్టే మేలని మా బావమరిది వాదన. సాల్వర్ ఇద్దరినీ సగం సగం ఒప్పుకున్నది: రోజుకు 233 ప్యాంట్లు, 267 షార్టులు, లాభం 18,500 రూపాయలు. అన్నీ ప్యాంట్లయితే 400 పీసులకు 18,000, అన్నీ షార్టులయితే వాషింగ్ హద్దు 500 దగ్గర ఆగి 15,000.

అయితే నాకు ఉపయోగపడినది ఆ 500 రూపాయల తేడా కాదు. కుట్టు నిమిషానికి షాడో ప్రైస్ 1.67 అని, అంటే గంటకు 100 రూపాయలు అని వచ్చింది. మా దగ్గర ఓవర్‌టైమ్‌కు మామూలు కూలీ కంటే అదనంగా గంటకు 80 రూపాయలు పడుతుంది, కనుక చేయించాలి. దసరా ముందు ఆ ధైర్యంతో రోజుకు 60 మిషను గంటలు అదనంగా ఒప్పుకోబోయాను. రిపోర్టులో హద్దును ఎంత పెంచవచ్చో చెప్పే నిలువు వరుసలో 2,400 నిమిషాలు అని ఉంది, అంటే 40 గంటలు. ఆ తరువాత వాషింగ్ 500 దాటదు కాబట్టి అదనపు కుట్టుకు విలువ సున్నా. మిగిలిన 20 గంటలకు రోజుకు 1,600 రూపాయలు ఊరికే పోయేవి.

ప్రొద్దుటూరు_పాతకాపు
వాషింగ్ నిండిపోతుందని మీ మేనేజరుకు మామూలుగా చూస్తేనే తెలియాలి కదా.

రాయదుర్గం_కుట్టు
తెలుసు, ఆయన అన్నాడు కూడా. ఎన్ని గంటల దగ్గర నిండుతుందన్నది ఆయన చెప్పలేకపోయాడు. నాకు కావలసింది ఆ అంకె.

బేతంచెర్ల_బండ
మీ ఇద్దరి సరుకూ చెప్పినట్టు వింటుంది. నాది నాపరాయి పాలిష్ యూనిట్, గనిలో పొర ఎలా దిగుతుందో రాయి మాత్రమే చెబుతుంది. ఒక లోడులో రెండడుగుల పలకలు ఎన్ని వస్తాయో, అంచు విరిగి అడుగున్నర పలకలుగా ఎన్ని మిగులుతాయో ఏడాది సగటు తీసి లెక్కలో వేశాను. సగటు వచ్చిన లోడు ఆ నెలలో ఒక్కటీ లేదు. పైగా బెంగళూరుకు 3.4 లారీలు పంపమని జవాబు వచ్చింది. ఆ పాయింటు నాలుగు లారీని నడిపే డ్రైవరు ఇంకా పుట్టలేదు.

కోడ్_కదిరి
లారీల సంగతి తేలిక. ఆ గడికి పూర్ణాంకం అనే నిబంధన పెట్టాలి. 3.4ను 3గా మీరే సవరించుకుంటే సరుకు మిగిలిపోతుంది, 4గా సవరించుకుంటే నాలుగో లారీ బాడుగ సరుకు లాభాన్ని తినవచ్చు, కనుక ఆ నిర్ణయాన్ని దానికే వదలాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, పూర్ణాంక నిబంధన పెడితే ఎక్సెల్ సెన్సిటివిటీ రిపోర్టు ఇవ్వదు. లారీ బాడుగ లోడు సగమున్నా పూర్తిగా ఇవ్వాలి కాబట్టి ఖర్చు సరుకుతో పాటు సమంగా పెరగదు, దానిని కూడా ఈ పూర్ణాంకాలతోనే పట్టాలి.

లెక్కల_మేష్టారు_కర్నూలు
బండ గారి అసలు ఇబ్బంది పొరలది, అది నిజమైన ఇబ్బందే. లీనియర్ ప్రోగ్రామింగ్ మనం వేసిన ప్రతి అంకెనూ ఖచ్చితమని నమ్ముతుంది. సగటుతో ఒకసారి కాకుండా, మంచి లోడు అంకెలతో ఒకసారి, చెడ్డ లోడు అంకెలతో ఒకసారి నడపండి. రెండింటిలోనూ మారని నిర్ణయాలు కొన్ని ఉంటాయి, వాటిని ముందే తీసుకోండి. మారేవాటిని లోడు దించి చూసిన తరువాతకు వదలండి. ఈ శాస్త్రంలో తొలి అడుగు కూడా మీలాంటి వారి సమస్యతోనే పడింది. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో ఒక ప్లైవుడ్ సంస్థ వారు తమ యంత్రాల మధ్య రకరకాల కలపను ఎలా పంచాలని అడిగితే సోవియట్ గణితవేత్త లియోనిద్ కాంతోరోవిచ్ ఈ దారిన ఆలోచించారు. 1975లో ఆయనకు, అర్థశాస్త్రవేత్త కూప్‌మన్స్‌కు కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. డాంట్జిగ్‌కు రాలేదు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బేతంచెర్ల_బండ
మంచి లోడు, చెడ్డ లోడు అని రెండుసార్లు నడపడం చేయగలను. చెడ్డ లోడు అంకెలు నా దగ్గర పుష్కలంగా ఉన్నాయి.

గుత్తి_రోడ్డు
దాణా పంచాయతీ ఎక్కడిదాకా వచ్చింది?

అనంత_దాణా
దశాంశాలతో మా కూలీలు తూచలేరు కనుక వేరుశనగ చెక్క 20, మొక్కజొన్న 20, తవుడు 39, పత్తి చెక్క 18 అని సరిచేశాను. సరిచేసిన తరువాత నిబంధనలు చెదిరాయేమోనని చేత్తో వేసి చూశాను: మొత్తం 97, మాంసకృత్తులు 20.01, శక్తి 67.02, ఖర్చు 2,447 రూపాయలు. పాత పాళ్ల కంటే 100 కిలోలకు 119 రూపాయలు తక్కువ, రోజుకు 3 టన్నుల మీద 3,570 రూపాయలు. మొదట సాల్వర్ ఆశ చూపిన నాలుగున్నర రూపాయల్లో మిగిలినది రూపాయి 19 పైసలు. ఈసారి ఒక రోజు సరుకంతా కాకుండా 10 బస్తాలు మాత్రమే కలిపించి, బస్తా వెనక్కి తెచ్చిన ఆ రైతుకే మొదట ఇచ్చాను. ఆవు గాడి నాకింది. పాల సంగతి రెండు వారాలు ఆగితే కాని తెలియదని వైద్యులు ఫోన్‌లో చెప్పారు.

పశువైద్యం_కడప
పాత దాణా నుంచి కొత్తదానికి ఒక్కరోజులో మార్చవద్దని, వారం రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చమని రైతులకు చెప్పండి. మొదటిసారి పాలు తగ్గడంలో ఆ హఠాత్తు మార్పు వాటా కూడా ఉండి ఉంటుంది. పత్తి చెక్క 18 కిలోలు ఉన్న ఈ దాణాను చిన్న దూడలకు పెట్టవద్దని బస్తా మీద రాయించండి.

ప్రొద్దుటూరు_పాతకాపు
పది బస్తాలతో మొదలుపెట్టడం తెలివైన పని. ఆ సలహా సాల్వర్ ఇచ్చిందా?

అనంత_దాణా
లేదండీ, మా నాయన ఇచ్చాడు.

ఆదోని_చెక్కల_అంగడి
నాకొక సందేహం. ముందు పత్తి చెక్క 26.05కు దిగితేనే కొంటామన్నారు. ఇప్పుడు 18 కిలోలు కావాలంటున్నారు. నేను ధరను 31 చేస్తే ఎన్ని కిలోలకు తగ్గిస్తారు?

కోడ్_కదిరి
31 పెట్టి నడిపాను. 17.85 కిలోలే వచ్చింది. 35 పెట్టాను, మళ్లీ 17.85. ఇది నాకే వింతగా ఉంది.

లెక్కల_మేష్టారు_కర్నూలు
వింత లేదు. వేరుశనగ చెక్కకు 20 హద్దు పెట్టిన తరువాత, పత్తి చెక్క లేకుండా మిగిలిన 77 కిలోలనూ తవుడుతో నింపినా మాంసకృత్తులు 19.95 దగ్గరే ఆగిపోతాయి, శక్తి సంగతి సరేసరి. అంటే ఈ నాలుగు సరుకులతో పత్తి చెక్క లేని దాణా సాధ్యమే కాదు. వేరే దారి లేనప్పుడు సాల్వర్ ఏ ధరకైనా కొంటుంది. ధర 26.05 కంటే దిగితే మాత్రం వేరుశనగ చెక్క తగ్గి పత్తి చెక్క ఇంకా పెరుగుతుంది.

ఆదోని_చెక్కల_అంగడి
మేష్టారు గారికి నా నమస్కారాలు. రేపటి నుంచి పత్తి చెక్క 31.

గుత్తి_రోడ్డు
వ్యాపార మర్యాద ఎంతసేపు నిలిచిందో అందరూ చూశారు.

లెక్కల_మేష్టారు_కర్నూలు
అనంత_దాణా గారూ, మీ పట్టికలో నాలుగే వరుసలు ఉండడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఐదో వరుసలో పొద్దుతిరుగుడు చెక్కనో, సోయా చెక్కనో వేసి, వాటి మాంసకృత్తులు, శక్తి పరీక్ష చేయించి నింపండి. వాటి ధర ఇంకా తెలియకపోయినా పరవాలేదు, అవి ఏ ధర కంటే దిగితే లోపలికి వస్తాయో వెతకవచ్చు.

అనంత_దాణా
పొద్దుతిరుగుడు చెక్క వరుసను ఇప్పుడే చేర్చాను. నంద్యాల వైపు, కర్నూలు వైపు కిలో ఎంత పలుకుతోందో తెలిసినవారు చెప్పగలరా? నమూనాకు ఒక బస్తా పంపితే పరీక్ష ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఆదోని_చెక్కల_అంగడి
పొద్దుతిరుగుడు చెక్క కూడా మా అంగడిలో దొరుకుతుంది. ధర వ్యక్తిగత సందేశంలో చెబుతాను. పత్తి చెక్క 28కే ఉంచుతున్నాను, 31 అన్నది వేళాకోళం.